హైదరాబాద్ – వైజాగ్ – అరకు, నెక్సాన్ ఈవీ 45తో: ఎక్కడ ఆగాలి, ఎంత ఎక్కించాలి?

#1 ఉప్పల్_రైడర్

డిసెంబర్ చివరి వారంలో హైదరాబాద్ నుంచి వైజాగ్, అక్కణ్ణుంచి అరకు. అక్కడ రెండు రాత్రులు ఉండి మళ్ళీ అదే దారిలో వెనక్కి. కారు టాటా వాళ్ళ ఎలక్ట్రిక్ కారు నెక్సాన్ ఈవీ, 45 యూనిట్ల (కిలోవాట్ అవర్ల) బ్యాటరీ. నలుగురం, డిక్కీ నిండా సామాను. ఇంట్లో 7.2 కిలోవాట్ల చార్జర్ ఉంది కాబట్టి 100 శాతంతోనే బయలుదేరతాం. వెళ్ళేటప్పుడు వైజాగ్ ఒక్క రోజులో చేరాలి.

తెలియాల్సినవి: దారిలో ఎక్కడెక్కడ ఆగితే తక్కువ టైమ్ పోతుంది, ఘాట్ రోడ్డు ఎంత బ్యాటరీ తింటుంది, అరకులో డీసీ (ఫాస్ట్) చార్జర్ దొరక్కపోతే రూములో 15 ఆంపియర్ సాకెట్‌కి పోర్టబుల్ చార్జర్ పెట్టుకోవచ్చా. అంకెలతో చెప్పగలిగిన వాళ్ళు చెప్పండి.

#2 బెజవాడ_బ్యాటరీ

ముందు కంపెనీ చెప్పే 489 కిలోమీటర్లు పక్కన పెట్టండి. అది ల్యాబులో రోలర్ల మీద, హైవే కంటే చాలా తక్కువ సగటు వేగంతో తీసిన అంకె. మీకు కావాల్సింది కిలోమీటరుకు ఎంత కరెంటు ఖర్చవుతుందన్నది. నలుగురు, సామాను, ఏసీ కలిపి ఈ కారుకు స్థిరంగా 80 మీద పోతే కిలోమీటరుకు సుమారు 130 వాట్ అవర్లు (వెయ్యి అయితే ఒక యూనిట్), 90 మీద 145, 100 మీద 165 వేసుకోండి. వేగం పెరిగిన కొద్దీ గాలి నిరోధం దాని వర్గంతో పెరుగుతుంది, అందుకే 90కి 100కి మధ్య అంత తేడా.

45 యూనిట్లలో ఒక శాతం అంటే 0.45 యూనిట్. 145 లెక్కన ఒక శాతానికి 3 కిలోమీటర్లు. ఇదొక్కటి గుర్తుంటే చాలు. తెర మీద కనిపించే శాతంలోంచి 15 తీసేసి, మిగిలినదాన్ని మూడుతో గుణిస్తే మీరు నిశ్చింతగా పోగల దూరం వస్తుంది. 60 శాతం ఉంటే 135 కిలోమీటర్లు. పక్కన కారు చూపించే రేంజ్ అంకె గత కాసేపు మీరు నడిపిన తీరును బట్టి మారుతుంటుంది, దాన్ని చూసి నిర్ణయాలు తీసుకోవద్దు.

#3 గోదారి_గట్టు

ఆ లెక్కతోనే ప్లాన్ వేద్దాం. దూరాలన్నీ సుమారుగా.

హైదరాబాద్ నుంచి సూర్యాపేట 135 కిలోమీటర్లు. దారంతా నెమ్మదిగా దిగువకే, కాబట్టి 40 శాతం పోయి 60తో చేరతారు. టిఫిన్ ఎలాగూ అక్కడే. ఆ 25 నిమిషాలు గన్ (చార్జర్ కేబుల్ చివరి ప్లగ్గు) పెట్టి 85 శాతం చేసుకోండి.

అక్కణ్ణుంచి విజయవాడ ఊళ్ళో ఆగొద్దు. సిటీలో చార్జర్లు చాలానే ఉన్నాయి, కానీ మాల్ బేస్‌మెంట్ వెతుక్కుని, పార్కింగ్ టికెట్ తీసుకుని, మళ్ళీ హైవే ఎక్కేసరికి అరగంట అదనం. నేరుగా హనుమాన్ జంక్షన్ దాకా పోండి. 180 కిలోమీటర్లు, 58 శాతం, 27తో చేరతారు. భోజనం అక్కడ. 27 నుంచి 85కి 26 యూనిట్లు ఎక్కాలి. మంచి చార్జర్ మీద 40 నిమిషాల పైచిలుకు.

తర్వాత రాజమండ్రి దగ్గర హైవే పక్కన. జంక్షన్ నుంచి 120 కిలోమీటర్లు, 40 శాతం పోయి 45 మిగులుతుంది. టీ తాగి మళ్ళీ 85 చేసుకుంటే అక్కణ్ణుంచి వైజాగ్ 190 కిలోమీటర్లు, 64 శాతం. 21తో ఊళ్ళో దిగుతారు.

మొత్తం మూడు ఆగుళ్ళు, బయట కొనే కరెంటు 55 యూనిట్లు. డీసీ రేటు చాలాచోట్ల యూనిట్‌కి 18 నుంచి 25 రూపాయల మధ్య ఉంటుంది, దాని మీద 18 శాతం జీఎస్టీ. యాప్‌లో కనిపించే రేటు జీఎస్టీతో కలిపా, కలపకుండానా అన్నది చూసుకోండి.

#4 ఎన్‌హెచ్16_స్టీరింగ్

గోదారి గారి ప్లాన్ బాగుంది. ఒక్క విషయం చేర్చాలి, గాలి. విజయవాడ నుంచి వైజాగ్ రోడ్డు ఈశాన్యం వైపు పోతుంది. డిసెంబర్‌లో మన తీరంలో గాలి కూడా ఈశాన్యం నుంచే వీస్తుంది, అంటే వెళ్ళేటప్పుడు 350 కిలోమీటర్లూ ఎదురుగాలే. 80 మీద పోతుంటే ఎదురుగా 20 కిలోమీటర్ల గాలి ఉంటే, బండికి 100 మీద పోతున్నంత గాలి తగులుతుంది. స్పీడోమీటర్ 80 చూపిస్తుంటుంది, బ్యాటరీ మాత్రం మీరనుకున్నదానికంటే గబగబా దిగుతుంటుంది. కారణం తెలియక బండిలో ఏదో తేడా ఉందనుకుని కంగారుపడతారు.

అందుకని ఏలూరు దాటాక 85 మించొద్దు, లెక్క 150 వాట్ అవర్లకు పైన వేసుకోండి (గోదారి గారు జంక్షన్ తర్వాత వేసింది అంతే). బయలుదేరే ముందు రోజు వాతావరణం యాప్‌లో ఏలూరు, కాకినాడ, తుని దగ్గర గాలి వేగం, దిక్కు చూడండి. 15 కిలోమీటర్లు దాటితే రాజమండ్రిలో 85తో సరిపెట్టకుండా 92 దాకా ఎక్కించండి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఇది తిరగబడుతుంది, అప్పుడు వైజాగ్ పోయేవాళ్ళకు గాలి వెనక నుంచి తోస్తుంది, వచ్చేవాళ్ళకు ఎదురు.

#5 ఉప్పల్_రైడర్

అందరికీ థ్యాంక్స్. ఒక సందేహం. ప్రతిచోటా 85 దగ్గర ఎందుకు ఆపేయాలి? సూర్యాపేటలోనే 100 చేసుకుంటే ఒక ఆగుడు తగ్గుతుంది కదా?

#6 డీసీ_గన్

ఆగుడు తగ్గినా మొత్తం టైమ్ పెరుగుతుంది. డీసీ మీద మొదట్లో కారు తీసుకునే పవర్ చివరిదాకా తీసుకోదు. 80 దాటాక బ్యాటరీయే కరెంటు తగ్గించమని చార్జర్‌కు చెబుతుంది. 90 తర్వాత ఒక్కో శాతానికి ఇంకా ఎక్కువ టైమ్ పడుతుంది. చివరి 15 శాతానికి పట్టే టైమ్‌లో తర్వాతి ఆగుడులో 35, 40 శాతం ఎక్కించుకోవచ్చు. 100 అనేది ఇంట్లో, లేదా రాత్రి హోటల్లో నెమ్మదిగా ఎక్కించే ఏసీ చార్జర్ మీద చేసుకునే పని. మీది ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీ కాబట్టి 100 దాకా ఎక్కించడం వల్ల భయపడాల్సింది లేదు. పైగా ట్రిప్‌కు ముందు ఒకసారి నెమ్మదిగా 100 చేస్తే శాతం లెక్క సరిగ్గా కుదురుతుంది. ఎల్‌ఎఫ్‌పీలో వోల్టేజి మధ్యలో దాదాపు ఒకేలా ఉంటుంది, అందుకే చాలా రోజులు 100 చేయకపోతే తెర మీది శాతం నిజానికి దూరంగా జరుగుతుంది. 15 చూపిస్తూ ఉన్నట్టుండి 9కి పడిపోవడం వెనక ఉన్నది అదే.

ఇంకో ముఖ్యమైన సంగతి, యాప్‌లో ‘60 కిలోవాట్లు’ అని ఉంటే మీకు 60 వస్తుందని కాదు. చాలావరకు అది రెండు గన్ల మెషీన్. పక్క గన్‌కు ఇంకో కారు తగిలితే చెరి 30. అప్పుడు హనుమాన్ జంక్షన్‌లో మీ 26 యూనిట్లకు 50 నిమిషాలు దాటుతుంది. ఇంకా గన్ ఎన్ని ఆంపియర్లదన్నది కూడా చూడాలి. 125 ఆంపియర్ల గన్ అయితే సుమారు 350 వోల్టుల బ్యాటరీకి 44 కిలోవాట్లకు మించి ఇవ్వలేదు, మెషీన్ మీద ఎంత రాసి ఉన్నా సరే. రెండు మెషీన్లు ఖాళీగా ఉంటే ఎవరూ లేని మెషీన్‌కే తగిలించండి. 120 కిలోవాట్ల రెండు గన్ల మెషీన్ అయితే పక్కన కారున్నా మీకు 60 దాకా వచ్చే అవకాశం ఉంది.

#7 నల్గొండ_పోరడు

అన్నా, డిసెంబర్ ఆఖరు వారం, అందులో శనివారం పొద్దుగాల అయితే పంతంగి టోల్ కాడనే బండ్లు ఆగుతయ్. తర్వాత కొర్లపహాడ్, చిల్లకల్లు. బ్యాటరీకి దాంతో భయం లేదు, ఆగి ఉంటే ఏసీకి గంటకు ఒక యూనిట్ పోతది, అంటే రెండు శాతం. అసలు తిప్పలు సూర్యాపేట హోటళ్ళ కాడ చార్జర్ లైన్. పొద్దున 8 నుంచి 10 దాకా అందరూ అక్కడనే ఆగుతరు. ముందు రెండు కార్లున్నయంటే గంటంబావు పాయె.

ఐదింటిలోపు ఉప్పల్ దాటితే ఆరున్నర, ఏడుకల్లా సూర్యాపేటలో ఉంటరు, ఇబ్బంది లేదు. లేటయిందంటే సూర్యాపేటలో టిఫిన్ చేసి గన్ పెట్టకుండనే కోదాడకు పోండి. ఇంకో 45 కిలోమీటర్లు, 60లో 15 పోతది, 45తో అందుతరు. కోదాడ, నందిగామ దిక్కు రష్ జర తక్కువ ఉంటది. సంక్రాంతికి పోయేటోళ్ళు మాత్రం ఈ ప్లానంతా పక్కన పెట్టి రాత్రిపూట పోవుడే మంచిది.

#8 కరెంటోడు

ఎవరూ ఇంకా చెప్పని విషయం: దూరప్రయాణంలో ఇబ్బంది పెట్టేది రేంజ్ కంటే ఎక్కువగా పనిచేయని చార్జర్. కాబట్టి ఎక్కడ ఆగినా, అక్కడి చార్జర్ చచ్చిపోయి ఉంటే తర్వాతి దానికి పోగలిగినంత మిగిలి ఉండాలి. ఇంకో 30 కిలోమీటర్లకు 10 శాతం, దాని మీద 5. అందుకే 15 కంటే తక్కువతో ఏ చార్జర్ దగ్గరికీ పోకూడదు.

యాప్‌లో ‘అందుబాటులో ఉంది’ అన్న ఆకుపచ్చ గుర్తును నమ్మకండి. మెషీన్ సర్వర్‌తో మాట్లాడుతోందని మాత్రమే దాని అర్థం. ప్లగ్‌షేర్‌లో (చార్జర్లు వాడినవాళ్ళే వివరాలు రాసే యాప్) చివరగా ఎవరు ఎప్పుడు చార్జ్ చేశారో, ఎన్ని కిలోవాట్లు వచ్చిందో చూడండి. అది 24 గంటల లోపుదైతే మంచి సూచన. అరగంట ముందు ఆ హోటల్‌కో బంకుకో ఫోన్ చేసి ‘కరెంటు ఉందా, చార్జర్ తెర వెలుగుతోందా’ అని రెండే ప్రశ్నలు అడగండి. చాలా హోటళ్ళలో జనరేటర్ లైన్ చార్జర్‌కు ఇవ్వరు, కరెంటు పోతే హోటల్లో లైట్లు వెలుగుతుంటాయి కానీ చార్జర్ ఆగిపోతుంది.

అక్కడికి వెళ్ళాక మొదలవ్వకపోతే ఈ వరసలో చూడండి. మొదట ఎర్ర ఎమర్జెన్సీ బటన్. ఎవరో నొక్కి వదిలేసి ఉంటారు. దాన్ని కుడివైపు తిప్పితే బయటకు వస్తుంది. ‘ఫాల్ట్’ అని చూపించే మెషీన్లలో కొన్ని ఇంతమాత్రానికే ఆగి ఉంటాయి. తర్వాత గన్. కేబుల్ బరువుకు అది కిందికి వాలి, లోపలి పిన్నులు సరిగ్గా కూర్చోవు, లాక్ పడదు. గన్‌ను రెండు చేతులతో కొద్దిగా పైకి ఎత్తి, లోపలికి నొక్కి పట్టుకుని, ‘టక్’ మని లాక్ శబ్దం వచ్చేదాకా ఆగండి. అయినా కాకపోతే గన్ తీసేసి, కారు ఆఫ్ చేసి, తలుపులు వేసి లాక్ చేసి, రెండు మూడు నిమిషాలు ఆగి మళ్ళీ పెట్టండి. యాప్ తిరుగుతూనే ఉండిపోతే మెషీన్‌లోని సిమ్‌కు సిగ్నల్ లేదని అర్థం. ఆర్‌ఎఫ్‌ఐడీ కార్డు (మెషీన్‌కు తాకించేది) ఉంటే కొన్ని మెషీన్లు నెట్ లేకుండానే మొదలవుతాయి. చివరి దారి కస్టమర్ కేర్, వాళ్ళు దూరం నుంచి మెషీన్‌ను రీస్టార్ట్ చేయగలరు. అన్నిటికీ పది నిమిషాలు పెట్టండి, కాకపోతే తర్వాతి చార్జర్‌కు కదలండి.

మీ దారిలో పనికొచ్చే నాలుగైదు యాప్‌లు ఇంట్లో ఉండగానే వేసుకుని, ఓటీపీలు పూర్తి చేసి, ఒక్కోదాంట్లో 300 రూపాయలు వేసి ఉంచండి. హైవే పక్కన బలహీనమైన సిగ్నల్‌తో కొత్త ఖాతా తెరవడం నరకం.

#9 ఉప్పల్_రైడర్

కరెంటోడు అన్నా, ఇవన్నీ ప్రింట్ తీసుకుని కారులో పెట్టుకుంటా. గన్ ఊడిరాకపోతే?

#10 కరెంటోడు

ముందు యాప్‌లో సెషన్ ఆపి, కారు అన్‌లాక్ నొక్కి, పది సెకన్లలోపు లాగండి. లాగేటప్పుడు కూడా గన్‌ను కాస్త పైకెత్తాలి, బరువు లాక్ పిన్ను మీద పడితే అది వెనక్కి జరగదు. అప్పటికీ రాకపోతే లాక్‌ను చేత్తో విప్పే తాడు ఎక్కడుందో మీ మాన్యువల్‌లో ఉంటుంది. బయలుదేరే ముందే ఆ పేజీ చూసి, చోటు చేత్తో తడిమి చూసుకోండి.

#11 ఉత్తరాంధ్ర_రోడ్లు

అరకు గురించి అందరూ అనవసరంగా భయపడతారు. లెక్క చూడండి.

వైజాగ్ నుంచి పెందుర్తి, కొత్తవలస మీదుగా శృంగవరపుకోట దాకా మైదానం, సుమారు 55 కిలోమీటర్లు, 7 యూనిట్లు. అక్కణ్ణుంచి అరకు దాకా ఇంకో 60. ఘాట్‌లో వేగం 30, 40 దాటదు కాబట్టి గాలి నిరోధం దాదాపు ఉండదు, కిలోమీటరుకు 100 వాట్ అవర్లే, అంటే 6 యూనిట్లు. ఇక ఎక్కడానికి. అరకు లోయ సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. మనుషులు, సామానుతో 1,800 కిలోల బరువును అంత ఎత్తుకు లేపడానికి భౌతికశాస్త్రం ప్రకారం 4.4 యూనిట్లు. మోటార్ నష్టాలు కలిపితే 5. గాలికొండ దగ్గర రోడ్డు అరకు కంటే పైకి ఎక్కి మళ్ళీ దిగుతుంది, కాబట్టి ఇంకో అర యూనిట్ వేసుకోండి. మొత్తం 18.5, అంటే 41 శాతం. వైజాగ్‌లో 100తో బయలుదేరితే అరకులో 59తో దిగుతారు.

తిరుగు ప్రయాణంలో ఆ ఎక్కిన శక్తిలో 60, 65 శాతం, దిగేటప్పుడు మోటారే కరెంటు తయారుచేసి బ్యాటరీకి ఇచ్చే రీజెన్‌తో వెనక్కి వస్తుంది. ఘాట్ దిగేంతసేపు శాతం పెరుగుతూ ఉంటుంది లేదా కదలదు. వైజాగ్ చేరడానికి 10 యూనిట్లు, 23 శాతం చాలు. బొర్రా గుహలు, చాపరాయి, పద్మాపురం గార్డెన్స్ తిరుగుడుకు 12 శాతం తీసేసినా 24తో వైజాగ్‌లో ఉంటారు. అంటే వైజాగ్‌లో రాత్రి నిండా ఎక్కించుకుంటే అరకులో చార్జింగే అక్కర్లేదు. వైజాగ్ హోటల్‌ను ఏసీ చార్జర్ ఉందా లేదా చూసి బుక్ చేసుకోవడమే మీరు చేయాల్సిన పని. 21 నుంచి 100కి 7.2 కిలోవాట్ల మీద ఐదున్నర, ఆరు గంటలు.

దిగేటప్పుడు రీజెన్ 3లో (అన్నిటికంటే బలమైన మెట్టు) పెట్టండి. బ్రేకులు వేడెక్కవు. పై నుంచి 59 లోపుతోనే దిగుతారు కాబట్టి బ్యాటరీలో చోటు ఉంటుంది. నిండు బ్యాటరీతో ఘాట్ దిగితే రీజెన్ పనిచేయదు, మొత్తం భారం బ్రేక్ ప్యాడ్ల మీద పడుతుంది. ఆ కారణానికైనా అరకులో 100 చేయకండి.

#12 గోదారి_గట్టు

ఒక చిన్న సవరణ. డిసెంబర్ చివర్లో తెల్లవారుజామున అరకులో 10 డిగ్రీల లోపుకు పోతుంది. రాత్రంతా బయట నిలబెట్టిన ఎల్‌ఎఫ్‌పీ బ్యాటరీ చల్లగా ఉంటుంది, కరెంటును మామూలుగా తీసుకోదు. పొద్దున ఆరింటికే ఘాట్ దిగితే మొదటి పది పదిహేను కిలోమీటర్లు రీజెన్ బలహీనంగా ఉంటుంది. రీజెన్ 3లోనే ఉన్నా బండి ఆగినట్టు ఆగదు. అలవాటైన దూరాన్ని నమ్మి మలుపులోకి పోవద్దు, కాలు బ్రేక్ మీదే ఉంచండి. తొమ్మిది తర్వాత దిగితే మంచిది. పొగమంచు కూడా విడిపోయి ఉంటుంది.

#13 కరెంటోడు

రూములో పోర్టబుల్ పెట్టడం గురించి అడిగారు. అవసరం పడకపోవచ్చు, కానీ పెట్టాల్సి వస్తే జాగ్రత్తగా. 15 ఆంపియర్ సాకెట్ అంటే గోడకు ఉన్న పెద్ద ప్లగ్గు, సాధారణంగా గీజర్ది. అది గీజర్‌ది అయితే రెండూ ఒకేసారి వేయకూడదు, ఎంసీబీ పడిపోతుంది. పడకపోతే ఇంకా ప్రమాదం, ఎందుకంటే వైరు వేడెక్కుతుంది.

మూడు లైట్ల సాకెట్ టెస్టర్ కొనుక్కోండి, ఎలక్ట్రికల్ షాపుల్లో తక్కువ ధరకే దొరుకుతుంది. ఎర్తింగ్ లేకపోతే అదే చెబుతుంది. ఎర్తింగ్ లేని సాకెట్ మీద మంచి పోర్టబుల్ చార్జర్ ఎర్ర లైటు చూపించి ఆగిపోతుంది, అది దాని దోషం కాదు. దాన్ని మోసం చేయడానికి ఎర్త్ పిన్నును న్యూట్రల్‌కు కలిపే అడాప్టర్లు అమ్ముతుంటారు. వాటిని ముట్టుకోవద్దు. న్యూట్రల్ ఎక్కడైనా తెగితే కారు బాడీకి కరెంటు వస్తుంది, తలుపు పట్టుకున్న పిల్లవాడికి తగులుతుంది.

ఎక్స్‌టెన్షన్ తప్పనిసరైతే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, మూడు కోర్లు, 10 మీటర్లు మించకుండా. చుట్ట మొత్తం విప్పి పరవాలి, చుట్టగా ఉంటే వేడి బయటకు పోక పైపొర కరుగుతుంది. చార్జర్‌లో కరెంటు తగ్గించే వీలుంటే 10 ఆంపియర్లకు పెట్టండి. 2.3 కిలోవాట్లు, ఎనిమిది గంటలకు నష్టాలు పోను 16 యూనిట్లు, 36 శాతం. పెట్టిన అరగంటకు ప్లగ్గును చేత్తో పట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు, చేయి పెట్టి ఉంచలేనంత వేడైతే వెంటనే ఆపేయండి, సాకెట్‌లో స్క్రూలు వదులయ్యాయి. హోటల్ వాళ్ళకు ముందే చెప్పి, యూనిట్‌కు ఇంత అని డబ్బు ఇచ్చేయండి.

#14 ఉప్పల్_రైడర్

చాలా స్పష్టంగా ఉంది. వెనక్కి వచ్చేటప్పుడు ఇవే ఆగుళ్ళా? విజయవాడ నుంచి హైదరాబాద్ ఎత్తు కదా.

#15 బెజవాడ_బ్యాటరీ

వెనక్కి రెండు ఆగుళ్ళు చాలు. వైజాగ్ నుంచి విజయవాడ దాకా గాలి మీ వెనకే ఉంటుంది. 100తో బయలుదేరి తాడేపల్లిగూడెం దాకా 245 కిలోమీటర్లు, 138 వాట్ అవర్ల లెక్కన 75, 77 శాతం. 23తో చేరి, భోజనం టైమ్‌లో 90 దాకా ఎక్కించండి. తర్వాత కోదాడ, సుమారు 200 కిలోమీటర్లు, 62 శాతం పోయి 28 ఉంటుంది.

ఇక ఎత్తు. విజయవాడ సముద్రమట్టానికి 20 మీటర్ల లోపు, హైదరాబాద్ 500 పైన. ఆ తేడా ఎక్కడానికి 3 యూనిట్లు, 6, 7 శాతం అదనం. ఈ ఎత్తులో ఎక్కువ భాగం సూర్యాపేట దాటాకే ఉంటుంది. కంటికి రోడ్డు చదునుగానే కనిపిస్తుంది, శాతం మాత్రం ఒక్కోదానికి సుమారు 2.8 కిలోమీటర్లే ఇస్తుంది. అందుకని కోదాడలో 85 చేసుకోండి. 180 కిలోమీటర్లకు ఎత్తుతో కలిపి 63 శాతం, ఇంటికి 22తో వస్తారు. ఇంట్లో చార్జర్ ఉంది కాబట్టి చీకటి పడుతోందనిపిస్తే 78కే గన్ తీసేసినా ఇబ్బంది లేదు. ఎల్బీనగర్ ట్రాఫిక్‌లో ఎంతసేపు ఆగినా గంటకు రెండు శాతమే.

#16 నల్గొండ_పోరడు

టైర్లు మర్చిపోకండి అన్నా. డ్రైవర్ తలుపు ఫ్రేమ్ మీద స్టిక్కర్‌లో నిండు లోడుకు వేరే ప్రెషర్ రాసి ఉంటది, పొద్దుగాల బండి కదలకముందు చల్లటి టైర్లకే ఆ ప్రెషర్ కొట్టించాలె. నాలుగైదు పీఎస్ఐ తక్కువుంటే రేంజ్ పోవుడే కాదు, ఈవీ బరువుకు అంచులు కూడా అరుగుతయ్. ట్యూబ్‌లెస్ పంచర్ కిట్, 12 వోల్ట్ కంప్రెసర్ డిక్కీల సామాను కింద కాకుండ పైన పెట్టుకోండి. రూఫ్ మీద క్యారియర్ కట్టేటట్టయితే ఇక్కడ చెప్పిన అంకెలన్నిటికీ 10, 15 శాతం కలపాలె. అందుకే బ్యాగులు లోపలనే సర్దండి.